అలకపాన్పు మీద అడిగిన బెలూను

ఆ రోజు తాడు వదిలెయ్యమన్నది నేను. వదిలినవాడు మా మావగారి పాలేరు. కాలిపోయిన ఇల్లూ ఆ పాలేరుదే. "ఎవడ్రా తాడు వదిలింది?" అని మావగారు కేకేసినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. పట్టుపంచె, బుగ్గన దిష్టిచుక్క, మెడలో వాడిపోయిన పూలదండ. "నేనేనండి వదలమన్నాను" అనడానికి ఎంతోసేపు పట్టదు. నేను మాత్రం ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వులో ఏదో అపురూపమైన వస్తువు కనపడ్డట్టు తలెత్తి అటే చూస్తూ ఉండిపోయాను. చదువుకున్నవాడు మాట్లాడకుండా నిలబడితే చాలా గంభీరంగా ఉంటుంది. అల్లుడుగారు ఎంత బాధపడిపోతున్నారో అని ఊరంతా నా మీదే జాలిపడింది.

పెళ్ళివారింట్లో బెలూనేమిటి అని మీరు అడుగుతారు. చెబుతాను.

స్వాతంత్ర్యం వచ్చిన రెండో వేసవి అది. అప్పటికి నేను అమలాపురంలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెబుతున్నాను. అంతకు ముందు కాకినాడలో చదువుకునే రోజుల్లో కాలేజీ లైబ్రరీలో బెలూన్ల చరిత్ర మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పరీక్షకి పనికిరాని పుస్తకం కనక చాలా శ్రద్ధగా చదివాను. ఆ తరవాత నాకు ఎదురుపడ్డ ఏ మనిషీ బెలూన్ల సంగతి వినకుండా ఇంటికి పోలేదు. క్షవరం చేయించుకుంటూ చెప్పేవాణ్ణి. కాలవలో పడవ ప్రయాణమైతే మరీ మంచిది, వినేవాడు దిగి పారిపోలేడు. చివరికి పెళ్ళిచూపుల్లో కూడా, పాట వచ్చునా అని అడగవలసిన చోట, "వేడిగాలి పైకి ఎందుకు పోతుందో తెలుసా?" అని అడిగాను.

"పొయ్యి దగ్గర కూచునేవాళ్ళందరికీ తెలుసండి" అంది పెళ్ళికూతురు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఆ పుస్తకంలో నాకు నచ్చిందేమిటంటే, ఆకాశాన్ని జయించిన మహానుభావుల్లో మన వీధి చివర అరుగు మీద కూర్చునే బాపతు మనుషులే ఎక్కువ. ఫ్రాన్సు దేశంలో కాగితాలు తయారుచేసే కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములు మొదటి బెలూను ఎగరేశారు. ఎగిరింది వేడిగాలి వల్ల అని వాళ్ళకి తెలియదు. పొగలో ఏదో మహత్తు ఉందనుకున్నారు. పొగ ఎంత కంపు కొడితే అంత బలమని తడిగడ్డి, గొర్రెబొచ్చు, పాత జోళ్ళు, కుళ్ళిన మాంసం తగలేశారట. చూడవచ్చిన రాజూ రాణీ ముక్కులు మూసుకుని వెనక్కి నడిచారట. మొదట ఒక గొర్రెనీ, బాతునీ, కోడిపుంజునీ పంపారు. అవి కిందికి దిగాక చూస్తే పుంజు రెక్కకి దెబ్బ తగిలి ఉంది. పైన గాలి వత్తిడి వల్ల అని ఒక పండితుడు, కాదు చలి వల్ల అని మరొకడు వాదనకి దిగారు. తీరా విచారిస్తే బయల్దేరకముందే గొర్రె దాన్ని తొక్కిందట. మనుషుల్ని ఎక్కించవలసి వచ్చినప్పుడు ఆ రాజు, ముందు మరణశిక్ష పడ్డ ఖైదీలనెవరినైనా ఎక్కించండి అన్నాడట. పోతే వాళ్ళే పోతారు, దక్కితే కీర్తి మనకి దక్కుతుంది. ఈ ముక్క చెప్పి నేను రాజుగారి మీద చాలా ఘాటుగా వ్యాఖ్యానించేవాణ్ణి.

పారాచూట్ల సంగతి ఇంకా బాగుంటుంది. ముందు కుక్కల్ని బెలూన్లోంచి దింపి చూశారు. ఆ తరవాత ఒకాయన పెద్ద గొడుగులాంటి గుడ్డ కింద బుట్టలో నిలబడి దిగాడు. దిగడం దిగాడు గాని బుట్ట ఉయ్యాలలాగా అటూ ఇటూ ఊగిపోయి, నేల మీద కాలు పెట్టగానే భళ్ళున కక్కుకున్నాడు. గుడ్డ నడినెత్తిన ఒక కన్నం పెడితే గాలి అందులోంచి పోయి ఊపు తగ్గుతుందని తరవాత ఎవరో చెప్పారు. ఆ తరవాత చాలా ఏళ్ళకి మన కలకత్తాలో కూడా ఒక దొరా, ఆ దొరని చూసి ఒక బెంగాలీ వస్తాదూ బెలూన్లు ఎక్కారు.

ఒక్క పేజీ మాత్రం నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఒక ఆవిడ రాత్రిపూట బెలూన్లోంచి మతాబులు కాలుస్తుంటే బెలూనుకే నిప్పంటుకుంది. ఆవిడ వచ్చి ఒక ఇంటి కప్పు మీద పడి, అక్కణ్ణించి వీధిలోకి జారిపోయింది. అందులో నవ్వించే ముక్క లేదు కనక దాన్ని దాటేసేవాణ్ణి.

పెళ్ళి కొత్తపేట దాటాక గోదావరి గట్టు పక్కన ఉన్న వాళ్ళ ఊళ్ళో జరిగింది. మా మావగారిది వ్యవసాయం. కొబ్బరితోటలూ, వరిచేలూ, వీటన్నిటి కంటే ఆయనకి ముద్దైన ఒక పందెం కోడిపుంజూ ఉన్నాయి. ఆ పుంజుకి బాదంపప్పు పెట్టేవారు. ఆ ఇంట్లో మిగతావాళ్ళకి బాదంపప్పు పెట్టినట్టు దాఖలా లేదు.

మూడోనాడు అలకపాన్పు వేశారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మా వైపు పెళ్ళిలో ఇదొక ముచ్చట. పెళ్ళికొడుకు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుని అలుగుతాడు. ఆడపెళ్ళివారు వచ్చి బతిమాలతారు. అతను అడిగింది ఇస్తామంటే లేస్తాడు. వాచీ, ఉంగరం, సైకిలు, ఆ రోజుల్లో ఇవే అలకలు. నాకు మాత్రం నేను ఆశపోతుని కాదని లోకానికి చూపించుకోవాలని సరదా. ఆశలన్నిటిలోకీ ఖరీదైనది అదే.

"ఏం కావాలో సెలవివ్వండి అల్లుడుగారూ" అన్నారు మావగారు, మంచం పక్కన నిలబడి.

"నాకు వస్తువులేమీ వద్దండి."

"అలా అంటే ఎలాగండీ? సైకిలు తెప్పించి ఉంచేను. కాకినాడ నుంచి వచ్చింది."

"బెలూను ఎగరేస్తాను. నాకు కాగితాలూ, కిరసనాయిలూ కావాలి. మీ పుంజుని ఒక్కసారి పైకి పంపించాలి."

మా అత్తగారు లోపల్నించి, "పుంజుని ఎక్కడికి పంపిస్తారంటా?" అని అడగడం వినిపించింది.

మావగారి మొహం చూడవలసింది. అలకపాన్పు మీద అల్లుడు అడిగితే కాదనకూడదు. మా ప్రాంతంలో మర్యాద అంటే అంత గట్టిది, దాని కింద పడి ఎవరైనా నలిగిపోవాలి గాని అది మాత్రం వంగదు. ఆయన "ఆయ్, అలాగేనండి" అన్నారు. వీధిలోకి వెళ్ళాక ఎవరితోనో, "సైకిలైతే చవగ్గా పోయేది" అన్నారని తరవాత తెలిసింది.

కిరసనాయిలు అప్పుడు కంట్రోలు. ఇంటింటికీ కార్డు మీద కొలిచి పోసేవారు. పెళ్ళికొడుకు ముచ్చటపడ్డాడని ఆ వీధివాళ్ళందరూ తలో సీసా తెచ్చి పోశారు. ఆ పక్షమంతా వాళ్ళు చీకటి పడకముందే భోంచేసి పడుకున్నారని నాకు అప్పుడు తోచలేదు. పందిట్లో కట్టగా మిగిలిన రంగుకాగితాలు చింతపిక్కల జిగురుతో అతికించాం. మా అత్తగారు ఆ కాగితాన్ని వేళ్ళతో పట్టి చూసి, "పూతరేకులా ఉంది. ఇది పుంజుని మోస్తుందా నాయనా?" అని అడిగారు. "సైన్సు మోస్తుందండి" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మంచం మీద పక్కకి తిరిగి పడుకుంటాను.

పనంతా పాలేరు చేశాడు. ఆ మనిషి నోరు మూతపడగా నేను చూడలేదు. వెదురుబద్ద వంచుతూ, తీగ చుడుతూ, తాను లోగడ గోదావరి వరదలో దూలం పట్టుకుని ఎన్ని ఊళ్ళు దాటాడో చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఊళ్ళు పెరిగేవి.

"అల్లుడుబాబూ, ఇందులో మనిషి ఎక్కితే ఎంత దూరం పోతాడండీ?"

"గాలిని బట్టి. రాజోలు దాకా పోవచ్చు."

"అయితే మా ఆడదాన్ని ఎక్కించండి. దాని పుట్టిల్లు అటేనండి."

అతని భార్య చంకన పిల్లతో అక్కడే ఉంది. "ఆయన్ని ఎక్కించండి బాబూ. ఆ నోట్లో గాలి చాలు, మంట కూడా అక్కర్లేదు" అంది.

పైనుంచి పుంజుని దింపే పారాచూటుకి నా పెళ్ళి ఉత్తరీయం తీసుకున్నాను. మంచి పట్టు. నడిమధ్య కన్నం పెట్టాలని పుస్తకంలో చదివాను కదా, కత్తెర తెమ్మన్నాను. మా ఆవిడ, అప్పటికింకా మాటలు కలవని కొత్త పెళ్ళికూతురు, గుమ్మంలో నిలబడి, "పెళ్ళిబట్టకి కన్నం పెడతారా ఎవరైనా?" అంది. పెట్టలేదు.

ఎగరేసింది మర్నాటి సాయంత్రం, ఎండ తగ్గాక. కళ్ళంలో గుంట తీసి ఎండుగడ్డి వెలిగించి దాని మీద బెలూను మూతి పట్టాం. గడ్డిమేటంత కాగితపు తిత్తి పొగ తాగి నెమ్మదిగా లేచి నిలబడేసరికి ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టారు. మూతి దగ్గర తీగకి కిరసనాయిలు గుడ్డ ఉండ కట్టి వెలిగించాను. కింద ఉత్తరీయం, ఉత్తరీయం కింద బుట్ట, బుట్టలో మావగారి పుంజు. ఒక సన్న పీచుతాడు బెలూన్ని నేలకి పట్టి ఉంచడానికి, అది పాలేరు చేతిలో. ఇంకో దారం బుట్టని విడిపించడానికి, అది నా చేతిలో.

కొబ్బరిచెట్టెత్తు లేచాక దారం లాగాను.

ఉత్తరీయం విచ్చుకుంది. మనుషులందరూ ఒక్కసారి "ఓ!" అన్నారు. వెంటనే బుట్ట ఊగడం మొదలెట్టింది. ఇటు చివరికి వచ్చినప్పుడు పుంజు మెడ ఒక్కటే కనిపించేది, అటు చివరికి పోయినప్పుడు తోక. దాని అరుపు కోడి అరుపులా లేదు, తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పెద్దమనిషి అరుపులా ఉంది. అయినా మెత్తగానే దిగింది. బుట్టలోంచి బయటికొచ్చి రెండడుగులు పక్కకి వేసి, మావగారి కాళ్ళ దగ్గర చతికిలబడి, ఒక కన్ను మూసుకుని నా వైపు చూసింది. జనం ఈలలు వేశారు. మావగారు దాన్ని ఎత్తుకుని పసిపిల్లాడిలా వీపు నిమిరారు.

ఇక్కడితో ఆగితే నేను ఈనాటికీ ఆ ఊళ్ళో మొనగాణ్ణి. పుంజు బరువు పోయింది కదా, బెలూను ఒక్కసారిగా పైకి గుంజింది. పాలేరు రెండు చేతులా తాడు పట్టుకుని మడమలు నేలకి తన్నిపెట్టాడు. ఆ ఈలలు, ఆ "ఓ"లు నా బుర్రకెక్కాయి. బెలూను గోదావరి దాటి పోతుంటే జనం చూస్తూ ఉండాలనిపించింది.

"వదిలెయ్!" అన్నాను.

"ఆయ్?" అన్నాడు పాలేరు, నా వైపు తిరిగి.

"వదిలెయ్యవోయ్!"

వదిలేశాడు.

వేసవి సాయంత్రాల్లో మాకు సముద్రం మీంచి పైరగాలి వస్తుంది. ఆ వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరూ ఆ గాలి కోసమే కూర్చుంటారు. సైన్సు మాస్టారికి అది గుర్తు రాలేదు. బెలూను గోదావరి వైపు పోలేదు. తోట మీదుగా పక్కకి కొట్టుకుపోయి, ఒక కొబ్బరిమట్టకి గీరుకుని చిరిగి, ఆ మంటతోటే కాలవ అవతల పాకల మీదికి వాలింది. వేసవికి ఎండి గలగలలాడుతున్న తాటాకు కప్పు. జనం కాలవలోంచి కడవలతో నీళ్ళు తోడి పక్క ఇళ్ళ మీద కొట్టబట్టి అవి మిగిలాయి. పాలేరు ఇల్లు మిగల్లేదు. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ నా గొప్పతనం చూడ్డానికే వచ్చారు. బియ్యపు కుండ, గుడ్డలు, పిల్ల ఉయ్యాల పోయాయి.

అప్పుడే మావగారు "ఎవడ్రా తాడు వదిలింది?" అన్నది. పాలేరు నా వైపు ఒక్కసారి చూశాడు. తరవాత తల దించుకుని, "నేనేనండి" అన్నాడు. అంత వాగుడుకాయ నోట్లోంచి అంత చిన్న మాట రావడం నేను వినడం అదే మొదటిసారి.

రెండు రోజులకి మేము పడవెక్కి అమలాపురం బయల్దేరాం. మా ఆవిడ నాతో విడిగా మాట్లాడిన మొదటి మాట ఇది:

"ఏవండీ, మీరు వదిలెయ్ అన్నారు కదండీ?"

"ఆ గోలలో ఏదో అన్నానేమో."

"గోల కాదండి. రెండుసార్లన్నారు. మధ్యలో అతను ఆయ్ అని అడిగేడు కూడాను."

నేను కాలవ గట్టు మీద కొంగల్ని చూశాను.

"మీ పుస్తకంలో రాజుగారొకడున్నాడుట కదా, ఖైదీల్ని ఎక్కించమన్నవాడు" అంది ఆమె. "ఆయన కూడా ఇలాగే పక్కకి చూసేవాడేమోలెండి."

నా పెళ్ళాం నా కథ నాకే చెప్పింది. నాకు కోపం వచ్చింది.

ఆ మాట బుర్రలోంచి పోక, జ్యేష్ఠం ఇంకో వారంలో అయిపోతుందనగా నేను ఒక్కణ్ణీ వెళ్ళాను. ఆషాఢం వస్తే కొత్తల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. అది దాటేదాకా ఆగితే వానలు పడిపోతాయి. పాలేరు ఇల్లు లేచి ఉంటుందనే అనుకున్నాను. ఎందుకంటే ఇల్లు కాలినవాడికి ఇంటికో మోపు తాటాకూ, ఒక మనిషి సాయమూ ఇవ్వడం ఆ ఊరి అలవాటు. తీరా చూస్తే అతను భార్యతో, పిల్లతో మావగారి గొడ్లసావిడిలో ఒక మూల ఉన్నాడు. ఇల్లున్న చోట మసిపట్టిన రాటలు నిలబడి ఉన్నాయి.

"ఆకు రాలేదా?" అని మావగారిని అడిగాను.

"ఎలా వస్తుందండీ? పిడుగు పడి కాలితే ఇస్తారు, పొయ్యి రవ్వ పడి కాలితే ఇస్తారు. తన చేత్తో తను తగలెట్టుకున్నోడికి ఇస్తారేంటండీ?" అన్నారు ఆయన. "పైగా అందరి కిరసనాయిలూ పోయిందాయె."

పాలేరుని ఊరు ఊరంతా పట్టుకుంది. కాలవ దగ్గర ఎవరైనా పడవ కట్టేస్తుంటే, "తాడు వాడికి మాత్రం ఇవ్వకండ్రోయ్" అనేవారు. అతను అందరితో పాటు నవ్వేవాడు. వరదలో దూలం కథ చెప్పడం మానేశాడు.

నేను గొడ్లసావిడికి వెళ్ళాను. అతను పొలంలో ఉన్నాడు. భార్య పిల్లకి నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఆకు నేను కొనిపిస్తానమ్మా. కావలసినంత" అన్నాను.

"కొనండి బాబూ. మీకు ధర్మప్రభువని పేరొస్తది" అంది, చెంబుతో నీళ్ళు ముంచుతూ. "మా ఆయనకి ఎదవన్న పేరు ఎలాగా ఉండనే ఉంది. ఆ పేరు కింద కాపరం చెయ్యడానికి కొత్త కప్పెందుకు? ఈ సావిడి చాల్లెండి."

"అతనెందుకు చెప్పలేదు, నేనే వదలమన్నానని?"

"అల్లుడుబాబు మీద చెప్తే నమ్ముతారా? నమ్మినా ఊరుకుంటారా? మీరు చదువుకున్నారు కదా, మీరు చెప్పండి."

ముందు మావగారికి చెప్పాను. ఆయన వినడానికే ఒప్పుకోలేదు.

"అలా అనకూడదండి అల్లుడుగారూ."

"నిజం మావగారూ. వదిలెయ్ అన్నది నేనే."

"నిజమైతే మాత్రం? కొత్తల్లుడు తప్పు చేసేడని నేను ఊళ్ళో చెప్పుకోవాలా? ఆకు నేను ఇప్పిస్తాను, మీరు లోపలికి రండి, మావిడిపండ్లు కోశారు."

"మీరు చెప్పక్కర్లేదండి. నేనే ఇంటింటికీ వెళ్ళి ఆకు అడుగుతాను."

"అడుక్కుంటారా? మా వీధిలో?" ఆయన నిజంగా భయపడిపోయారు. ఇల్లు కాలినప్పుడు కూడా ఆయన గొంతు అలా వణకలేదు.

వెళ్ళాను. పాలేరు ఎడ్లబండి తోలుకుని వెనకాల వచ్చాడు. "బాబూ, మీకెందుకండీ ఈ గొడవ? నాకు అలవాటైపోయింది" అంటూనే ఉన్నాడు. మొదటి ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పాను, ఇలా ఇలా, తాడు వదలమన్నది నేను, ఇతను కాదు, ఇతనికి ఇవ్వవలసిన మోపు ఇప్పించండి అని. ఆ ఇంటాయన చేతులు జోడించి, "ఎంత పెద్ద మనసండీ మీది! పాలేరుగాడి తప్పు మీ మీదేసుకుంటున్నారు. లోపలికి రండి, మజ్జిగ పుచ్చుకోండి" అన్నాడు. రెండో ఇంట్లో కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. మూడో ఇంట్లో ముంజెలు. నిజం చెప్పడానికి బయల్దేరి నేను ఊళ్ళో ఇంకా గొప్పవాణ్ణయిపోతున్నాను. కడుపు నిండిపోయింది, బండి ఖాళీగా ఉంది. పాలేరు పరిస్థితి మరీ అన్యాయం, "అల్లుడుగారు చూడు నీ కోసం ఎంత మాట పడుతున్నారో" అని ప్రతి గుమ్మంలోనూ అతనికే చివాట్లు.

వీధి మలుపులో మా ఆవిడకి నాయనమ్మ వరసైన ఒక ముసలావిడ ఉండేది. చెవులు కాస్త తక్కువ, గొంతు మరీ ఎక్కువ. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను చెప్పింది అంతా విని, చేతిలో గింజలు చేటలో పడేసి, లేచి నిలబడింది.

"నువ్వా వదలమన్నది?"

"నేనేనండి."

"సిగ్గులేదుటయ్యా! గాలి ఎటు కొడుతోందో చూసుకోలేవూ? పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని, పుంజుతో ఆటలాడి, ఆ పిల్లముండ ఉయ్యాల తగలెట్టి, ఇన్నాళ్ళూ నోరు మూసుకు కూచున్నావా? నా కిరసనాయిలు కూడా పట్టుకుపోయావు కదయ్యా, నేను చీకట్లో గుమ్మానికి గుద్దుకున్నాను, ఇదిగో మచ్చ!"

నా మనసు అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ లేదు. ఆవిడ నన్ను తిడుతూనే వీధి మధ్యకి వచ్చింది. ఎదురింటివాళ్ళని పిలిచింది. "వినండే! తాడు వదలమన్నది ఈ అల్లుడేనట! పాపం వాడి మీద తోసేసి మీరందరూ ఇకిలిస్తున్నారు!" అని కేకలు పెట్టింది. మర్యాదస్థుల వీధిలో ఆ కేకలకి అడ్డు చెప్పగలిగినవాళ్ళు లేరు. మజ్జిగ పోసిన ఇంటాయన కూడా బయటికొచ్చి నేల చూపులు చూస్తూ, "అయితే నిజమేనాండీ?" అని అడిగాడు.

"నిజమేనండి."

"మరైతే మోపు ఇవ్వాల్సిందే కదండీ" అన్నాడు.

ఆ రోజు పొద్దు వాలేసరికి బండి నిండింది. పాలేరు తోలుతూ తోలుతూ, కాలవ వంతెన దగ్గరికి వచ్చాక, ఎవరూ అడక్కుండానే వరదలో దూలం కథ ఎత్తుకున్నాడు. ఈసారి సముద్రం దాకా పోయి వచ్చాడు.

ఇల్లు నేయడం మర్నాడు మొదలుపెట్టాం. పాలేరు పైన, నేను కింద. నేను చొక్కా విప్పి ఆకు అందించడం చూసి మావగారు తోటలోకి వెళ్ళిపోయారు. రెండోనాడు దూరంగా చెట్టు చాటున నిలబడి చూశారు. ఆ మర్నాడు ఉండబట్టలేక దగ్గరికొచ్చి, "అల్లుడుగారూ, ఆకు తలకిందులుగా అందిస్తున్నారండి. ఈనె అటుండాలి" అన్నారు. అనేసి వెళ్ళిపోకుండా ఒక మోపు విప్పి నా పక్కన కూర్చున్నారు.

కప్పు నడినెత్తిన కట్టే కొప్పు పని మిగిలి ఉండగానే ఆషాఢం వచ్చేసింది. అత్తవారి గడప తొక్కకూడదు, పని వదిలి వెళ్ళకూడదు. నేను ఆ రెండు రోజులూ గొడ్లసావిడిలో పడుకున్నాను. మా అత్తగారు ఎదురుపడకుండా, అన్నం కారియరు పనిమనిషి చేత పంపేవారు. దోమలు మాత్రం ఏ పట్టింపూ లేకుండా వచ్చేవి.

కొప్పు కట్టిన సాయంత్రం పాలేరు భార్య కడవతో కాలవనీళ్ళు తెచ్చి మొగుడికి పైకి అందించి, కప్పు మీద ధారగా పొయ్యమంది. తను లోపల నిలబడి తలెత్తి చూసింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"ఇక్కడ కారుతోంది బాబూ" అంది.

లోపలికి వెళ్ళి చూశాను. నిజమే, ఉయ్యాల కట్టే వాసం పక్కనే. అది మొదటిరోజు నేను ఆకు తలకిందులుగా అందించిన వరస. పాలేరు పైనుంచి, "ఒక్క చుక్కేగా, పోనిద్దూ" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను మిగిలిన మోపు విప్పి, ఆకుల్ని ఈనె సరిచూసి ఒక్కొక్కటీ తీసి పెట్టుకుని, పాలేరుని ఆ వరసంతా విప్పెయ్యమని చెప్పి, నిచ్చెన ఎక్కి అందించడం మొదలుపెట్టాను.